న్యాయశాస్త్ర విద్య : నీలం నగరు విద్యార్థులకు కొన్ని మాటలు

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సాయంకాలము, బడి వదలిన పిమ్మట, పదవ తరగతి విద్యార్థి యొకడు చేత కాగితము పట్టుకొని ఉపాధ్యాయుల గదివద్దకు వచ్చి నిలిచెను. ఆ కాగితము ఆనాటి యుదయమున పోస్టుమాను ఇచ్చి పోయినది. మరాఠీలో అచ్చుపడి, పైన కోర్టు పేరును, క్రింద ముద్రయు కలిగియుండెను. వాని తల్లి యింట బీడీలు చుట్టును. తండ్రి తువాళ్ల కార్ఖానాలో రాత్రిపాళీ చేయును. పొరుగింటి యామె బచత్ గట్ నుండి తీసికొన్న అప్పునకు ఈ తల్లి జామీనుగా సంతకము చేసియుండెను. కాగితము వచ్చినది మొదలు ఆ యింట పొయ్యి రాజలేదు.

“సార్, మా అమ్మను పోలీసులు పట్టుకపోతరా?” అని వాడు అడిగెను.

విద్యార్థి మరాఠీ చదువనేరనివాడు కాడు. అక్షరములన్నియు చదివినాడు. “దాఖల్‌పూర్వ ప్రకరణ్” అనుచోట ఆగిపోయినాడు. ప్రకరణమనగా మన తెలుగులో గ్రంథభాగము గదా! కోర్టువారు తన తల్లికి పుస్తకములోని అధ్యాయము నేల పంపిరో వానికి తోచలేదు. మరాఠీలో ఆ మాటకు వ్యవహారము, కేసు అని యర్థము. దాఖలు కాకమునుపే, అనగా దావా వేయకమునుపే, ఇరుపక్షములను కూర్చుండబెట్టి రాజీ చేయుటకై లోక్ అదాలతు వారు పంపిన పిలుపు అది. అరెస్టు వారంటు కాదు, తీర్పు కాదు. రాజీ కుదిరిననే లోక్ అదాలతు ఏదైన నిర్ణయించును; కుదురకున్నచో ఎవరి దారి వారిదే. కుదిరినచో మాత్రము ఆ నిర్ణయము సివిలు కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. కనుక ఒప్పుకొనకముందే బాగుగా ఆలోచింపవలెను. ఇంతమాత్రము చెప్పుటకు మాకు పది నిమిషములు పట్టినది. ఆ పది నిమిషముల మాట తెలియక ఆ కుటుంబము పగలంతయు పస్తుండెను.

తరువాత వాడు మరియొక ప్రశ్న వేసెను. ఇట్టి కాగితము తానే చదువుకొనవలెనన్న ఎన్నేండ్లు చదువవలెనని. ఆ ప్రశ్నకు సమాధానముగనే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మన పేటలో వకీలు చదువునకు మర్యాద తక్కువయని చెప్పక తప్పదు. వైద్యుడు కావలెనన్న సంతోషింతురు, ఇంజనీరు కావలెనన్న అప్పుచేసియైనను చదివింతురు; న్యాయశాస్త్రమన్నచో “మనకెందుకా కోర్టుల గొడవ” అందురు. ఓడినవాడు కోర్టులో ఏడ్చె, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చె నను సామెత మనవారి నోట నిత్యము వినబడుచుండును. సామెతలో సత్యము లేకపోలేదు. అయినను, కోర్టు మెట్లు ఎక్కకుండుటకు సయితము చట్టము తెలియవలెను. పై కథలోని తల్లి కోర్టునకు పోవలెనని కోరలేదు. కోర్టు కాగితమే ఆమె గుమ్మమునకు వచ్చినది. జామీను సంతకమనగా సాక్షి సంతకమువంటిదని ఆమె యనుకొనెను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేరుగా వ్రాసికొననంతవరకు, అప్పుపడినవాని బాధ్యత యెంతయో జామీనుదారు బాధ్యతయు అంతే. అప్పిచ్చినవారు మొదట అప్పుపడినవానిని అడిగి తీరవలెనను నియమము గూడ లేదు. న్యాయకళాశాలలో నేర్పు ప్రారంభ పాఠములలో ఇది యొకటి. నీలం నగరులో ఎన్ని యిండ్లకు ఈ పాఠము అక్కరయో చదువరులే యెంచుకొనగలరు.

ఇక మన బడి సంగతి చూతము. గుమ్మముపైని పలకమీద భాషిక అల్పసంఖ్యాక సంస్థ యని వ్రాసియున్నది. దినమునకు రెండుమార్లు ఆ పలక క్రిందనే నడచుచున్నాము గాని ఆ మాటలు ఎచ్చటనుండి వచ్చినవో విచారించినవారు కొలదిమంది. అవి రాజ్యాంగమునుండి వచ్చినవి. తనకంటూ ఒక భాషయో లిపియో సంస్కృతియో గల పౌరులు దానిని నిలుపుకొనవచ్చునని 29వ అధికరణము చెప్పును. మతము చేత గాని భాష చేత గాని అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాసంస్థలు స్థాపించి నడపుకొనవచ్చునని 30వ అధికరణము చెప్పును. ఈ రెండును 1950 నుండి ఉన్నవి. 1956లో భాషాప్రాతిపదికపై రాష్ట్రములను పునర్వ్యవస్థీకరించినప్పుడు, ఎంత జాగ్రత్తగా గీతలు గీసినను ప్రతి రాష్ట్రమునందును పరభాషీయులు మిగిలిపోవుదురని గ్రహించి, 7వ సవరణ ద్వారా మరి రెండు అధికరణములు చేర్చిరి. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషలో బోధన సౌకర్యము కల్పింపవలెనని 350-ఎ. ఆ రక్షణలు సరిగా నడచుచున్నవో లేదో చూచి రాష్ట్రపతికి నివేదించుటకు ఒక ప్రత్యేకాధికారి యుండవలెనని 350-బి.

మగ్గముల పనికై తెలంగాణ జిల్లాలనుండి షోలాపురమునకు వచ్చిన మన పెద్దలు ఈ అధికరణములు పుట్టుటకు ఎంతో ముందే వచ్చినవారు. వారు వచ్చినప్పుడు అటు నైజాము రాజ్యము, ఇటు బొంబాయి ఇలాకా. 1960 మే 1న మహారాష్ట్ర రాష్ట్రము ఏర్పడెను. వారు కదలకుండ కరీంనగరములోనో నల్లగొండలోనో నుండినచో మనము అధికసంఖ్యాకులమే. ఇల్లు మారినందున హోదా మారినది. దీనిని సుప్రీంకోర్టు 2002 అక్టోబరు 31న టి.ఎం.ఏ. పాయి ఫౌండేషను కేసులో స్పష్టము చేసెను. అల్పసంఖ్యాకులెవరను లెక్క దేశమంతటిని బట్టి కాక రాష్ట్రమును బట్టి చూడవలెనని పదునొకండు మంది న్యాయమూర్తుల ధర్మాసనము నిర్ణయించెను. కర్ణాటకమునుండి వెళ్లిన వ్యాజ్యమది. అంతకుముందే 1971లో పంజాబునకు చెందిన డి.ఏ.వి. కళాశాల కేసులో, భాషిక అల్పసంఖ్యాకులకు వేరుగా మాటలాడు భాష యుండిన చాలును, ప్రత్యేక లిపి యుండి తీరవలెనని లేదని అదే కోర్టు చెప్పియుండెను. మనకు లిపియు కలదు, భాషయు కలదు. ఆ లిపి వ్రాయు చేతులే తగ్గుచున్నవి. దానికి కోర్టు చేయగలది ఏమియు లేదు.

కేసులు చదువునప్పుడు మనకు అనుకూలమైనవి మాత్రమే ఏరుకొనుట న్యాయవిద్యార్థికి తగదు. ఈ మాట చెప్పుటకు రెండు తీర్పులు పక్కపక్కన పెట్టుచున్నాము.

మొదటిది 1954 నాటిది. షోలాపురము అప్పుడు బొంబాయి రాష్ట్రములో నుండెను. ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలలు ఆంగ్లో-ఇండియనులను, ఆసియేతర సంతతివారిని తప్ప ఇతరులను చేర్చుకొనరాదని ఆ సంవత్సరము జనవరిలో బొంబాయి ప్రభుత్వము ఉత్తరువు చేసెను. దేవలాలిలోని బార్న్స్ హైస్కూలు నడపువారు కోర్టుకు వెళ్లిరి. భాష పేర బిడ్డను బడి గుమ్మమువద్ద ఆపుట 29వ అధికరణము రెండవ ఖండమునకు విరుద్ధమని సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. ప్రభుత్వము ఉద్దేశము జాతీయభాషను పెంపొందించుట. ఉద్దేశము మంచిదైనంతమాత్రమున ఉత్తరువు చెల్లదని ఈ తీర్పువలన నేర్చుకొందుము.

రెండవది 2004 నాటిది, ఉషా మెహతా కేసు. మహారాష్ట్రములోని గుజరాతీ భాషీయుల పాఠశాలలవారు, తమ బిడ్డలకు మరాఠీ తప్పనిసరి చేయుట తమ 30వ అధికరణపు హక్కునకు భంగమని వాదించిరి. సుప్రీంకోర్టు ఒప్పుకొనలేదు. ఒక రాష్ట్రమున నివసించువారు ఆ రాష్ట్రభాష నేర్చుట వారికే మేలని, అధికారభాషలో జరుగు వ్యవహారమునుండి దూరమైనచో ఆ బిడ్డలే వెనుకబడుదురని చెప్పి, ప్రభుత్వ విధానమును నిలబెట్టెను. అప్పుడు గుజరాతీ సోదరులకు నొప్పి కలిగియుండవచ్చును. మా యభిప్రాయమడిగినచో, తీర్పు సరియైనదే. మొదట చెప్పిన కాగితము మరాఠీలో వచ్చినది. ఆ తల్లి ఆశ్రయింపవలసిన కార్యాలయము మరాఠీలో నడచును. బస్సు పలక మరాఠీ. తెలుగును కాపాడుకొనుటయనగా మరాఠీని దూరముగా నుంచుట కాదు. తెలుగు బడిలో చదివిన బిడ్డ మరాఠీలో దరఖాస్తు వ్రాయలేకపోయినచో, బడి తన పనిలో సగమే చేసినట్లు. అయితే ఆ తీర్పు మరాఠీని ఒక పాఠ్యాంశముగా చేర్చుటనే సమర్థించినది. బోధన మాధ్యమము ఏది కావలెనన్నది వేరు ప్రశ్న. కర్ణాటక ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలలలో మాతృభాషా మాధ్యమమును బలవంతముగా విధించినప్పుడు, మాధ్యమమును ఎన్నుకొను స్వేచ్ఛ బిడ్డకును, తల్లిదండ్రులకును, పాఠశాలకును కలదని 2014 మే నెలలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము చెప్పెను. అనగా మన తలిదండ్రులు తెలుగు మాధ్యమము వదలి ఇంగ్లీషు మాధ్యమము పట్టుటకు గూడ అదే హక్కు త్రోవ చేయుచున్నది. హక్కు రెండువైపుల వాడిగల కత్తి.

భాషకును న్యాయమునకును గల సంబంధము ఇంతటితో ముగియదు. 1961లో మహారాష్ట్రములో హరికిసన్ అను నతనిని నివారక నిర్బంధ చట్టము క్రింద నిర్బంధించిరి. నిర్బంధమునకు కారణములు ఇంగ్లీషులో వ్రాసి యిచ్చిరి. అతనికి ఇంగ్లీషు రాదు; హిందీలో ఇమ్మని కోరెను. పోలీసు అధికారి చదివి నోటితో అర్థము చెప్పినాడు గదా, అది చాలునని ప్రభుత్వపక్షము వాదించెను. 1962లో సుప్రీంకోర్టు చాలదని తీర్పిచ్చి, అతనిని విడిపించెను. కారణములు తెలుపవలెనని 22వ అధికరణము చెప్పుట, నిర్బంధింపబడినవాడు వానిపై తన మొర వ్రాసికొనుటకే గదా; ఒకమారు చెవిని పడిన మాటలతో, చేత కాగితము లేక, అతడు మొర యెట్లు వ్రాయగలడు? కనుక అతనికి తెలిసిన భాషలో వ్రాతమూలకముగా ఇయ్యవలెనని కోర్టు భావము.

సామాన్యమైన క్రిమినలు విచారణలోను ఇట్టి నియమము కలదు. సాక్ష్యము ముద్దాయికి తెలియని భాషలో నడచినచో, దానిని అతనికి తెలిసిన భాషలోనికి బహిరంగ న్యాయస్థానమునందే తర్జుమా చేసి చెప్పవలెను. పాత క్రిమినలు ప్రొసీజరు కోడులో నుండిన ఈ నియమము 2024 జులై 1 నుండి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలోను నిలిచియున్నది. నియమమున్నది, సరే. తర్జుమా చేయువాడెవడు? తెలుగు, మరాఠీ రెండును తెలిసి, చట్టపు మాటల బరువు గూడ తెలిసినవాడు కావలెను. ఈ మూడును కలవారు మన పేటనుండి రావలసినవారే.

ఇచ్చట పదముల విషయమై కొంచెము దారి తప్పుచున్నాము. చదువరులు క్షమింతురు గాక. న్యాయస్థానపు మాటలలో తెలుగు, మరాఠీలు అక్కాచెల్లెండ్రు. వకీలు, జామీను, దావా, పంచనామా, దస్తావేజు రెండింటను కలవు. ఈ పోలికయే మోసము చేయును. మరాఠీలో శాసన్ అనగా ప్రభుత్వము. తెలుగున శాసనమనగా చట్టము, లేదా రాతిపైని వ్రాత. మరాఠీలో ఘటనా అన్నచో సంఘటన యనియే గాక రాజ్యాంగమనియు అర్థము. పౌరశాస్త్ర పరీక్షలో మన విద్యార్థి యొకడు “భారతీయ ఘటన”ను జలియన్వాలాబాగు దుర్ఘటన యనుకొని రెండు పుటలు వ్రాసినాడు. అన్నిటికంటె చిత్రమైనది ముద్దాయి. అరబ్బీ మూలమున దానికి ఫిర్యాదు తెచ్చినవాడని యర్థము. ఉర్దూలో నేటికిని అంతే. తెలుగులో నేరము మోపబడినవాడైనాడు. తెలుగు తెలియని ఉర్దూ సాక్షియు, ఉర్దూ తెలియని తెలుగు వకీలును కలిసినచోట ఈ యొక్క మాట ఎంత గందరగోళము చేయగలదో ఊహింపుడు. న్యాయకళాశాలలో చేరదలచినవారు ఇప్పటినుండియే ఒక నోటుపుస్తకములో ఇంగ్లీషు, మరాఠీ, తెలుగు మూడు వరుసలుగా ఇట్టి మాటలు వ్రాసికొనుట మంచిది. మా యెరుకలో అచ్చైన ఏ నిఘంటువును ఈ పని షోలాపురపు అవసరమునకు తగినట్లు చేయలేదు.

తెలుగువాడొకడు సభలో తెలుగు మాటలాడి అవమానింపబడిన సంగతియు ఒకటి కలదు. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభకు మరాఠీ సంస్కర్త ధోండో కేశవ కర్వే అధ్యక్షులు. ఆలంపల్లి వెంకటరామారావను న్యాయవాది తెలుగులో ఉపన్యసింప లేవగా, సభలోనివారు అల్లరిచేసి మాటలాడనీయలేదు. ఆ రోషమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టెను. పిమ్మట అదియే ఆంధ్ర మహాసభగా పెరిగెను. దానిని నడపినవారిలో న్యాయవాదులు అనేకులు. వారిలో నొకరైన బూర్గుల రామకృష్ణారావు పూనాలోని ఫెర్గుసన్ కళాశాలలో చదివి, బొంబాయి విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్ర పట్టము పొందినవారు. 1952లో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రి యైరి. పి.వి. నరసింహారావు నాగపురమున న్యాయశాస్త్రము చదివి, మరాఠీ నవలను తెలుగు చేయునంతగా ఆ భాషను వశపరచుకొని, మహారాష్ట్రములోని రామ్‌టేక్ నుండి 1984లోను 1989లోను లోక్‌సభకు ఎన్నికైరి. బాలికలకు దుర్గాబాయి పేరు చెప్పుదుము. రాజమహేంద్రవరమున 1909లో జన్మించి, మద్రాసున న్యాయవాదియై, రాజ్యాంగ నిర్మాణ సభలో సభ్యురాలై, 1953లో మహారాష్ట్రుడైన చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడిన తెలుగు ఆడపడుచు. మన షోలాపురమునుండియే గంగాధర కూచన్, ధర్మణ్ణ సాదుల్, లింగరాజ్ వల్యాళ్ లోక్‌సభకు ఎన్నికై వెళ్లినవారు.

ప్రభుత్వశాస్త్రమును న్యాయశాస్త్రముతో కలిపి యేల చదువుదురన్న ప్రశ్నకు షోలాపురమునందే జవాబున్నది. 1930 మే నెలలో గాంధీజీ అరెస్టు వార్త విని ఈ పట్టణమున మిల్లు కార్మికులు, ప్రజలు లేచిరి. 8వ తేదీన కాల్పులు జరిగెను. 12వ తేదీనుండి జూను చివరవరకు పట్టణమున సైనికశాసనము నడచెను. ప్రతి జనవరి 12న మనము హుతాత్ముల విగ్రహములకు పూలమాలలు వేయుచున్నాము. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకిసన్ సారడా, జగన్నాథ శిందే, ఈ నలుగురిని 1931లో ఆ దినమున యెరవాడ కారాగారమున ఉరితీసిరి. పూలమాల వేయు విద్యార్థి తెలిసికొనవలసినది మరియొకటి కలదు. సైనికశాసనము క్రింద విధించిన శిక్షలు చెల్లునా, సైన్యాధికారులు కూర్చున్న మండలిని న్యాయస్థానమనవచ్చునా అను ప్రశ్నలు చన్నప్ప శాంతిరప్ప కేసుగా బొంబాయి హైకోర్టువరకు వెళ్లెను. మన పట్టణమునుండి వెళ్లిన ఆ కేసు నేటికిని రాజ్యాంగశాస్త్ర చర్చలలో ఉదాహరింపబడుచున్నది. సైనికశాసన కాలమున జరిగిన చర్యలను గూర్చి నేటి రాజ్యాంగములోని 34వ అధికరణము చెప్పుచున్నది. అత్యవసర పరిస్థితిలో సయితము 20, 21 అధికరణముల రక్షణను నిలుపుదల చేయరాదని 1978 నాటి 44వ సవరణ కట్టుదిట్టము చేసెను. ప్రభుత్వము ఎంతవరకు పోవచ్చును, ఎచ్చట ఆగవలెను అనునదియే రాజ్యాంగశాస్త్రపు కీలకము.

దానికి చిన్న రూపము మన వీధి కొళాయి. నీరు ఇన్నాళ్లకొకసారి వచ్చుటకు ఎవరిని అడుగవలెనో తెలియక శాసనసభ్యుని అడుగుదుము. 1993 జూనులో అమలైన 74వ సవరణతో పురపాలక సంస్థలకు రాజ్యాంగములో స్థానము దొరకెను. వానికి అప్పగింపదగిన పనులు 18 పన్నెండవ షెడ్యూలులో కలవు. నీటి సరఫరా వానిలో నొకటి. పదవ తరగతి పౌరశాస్త్రము చదివినవాడు ఈపాటి చెప్పగలగవలెను.

బీడీల విషయము కొంత నిదానముగా చెప్పవలసియున్నది, ఏలయన మన తల్లులలో అనేకుల జీవనము దానిమీదనే నిలిచియున్నది. ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకొని వెయ్యి లెక్కన చుట్టి యిచ్చు స్త్రీ కార్మికురాలా, లేక తానే స్వతంత్రముగా వ్యాపారము చేసికొనుచున్నదా? తయారీదారులు రెండవదే యనిరి; మధ్యన కంట్రాక్టరు ఉన్నాడు గనుక తమకేమియు పట్టదనిరి. 1966లో పార్లమెంటు బీడీ, చుట్ట కార్మికుల చట్టము చేసి, ఇంట పనిచేయువారిని గూడ కార్మికులుగానే లెక్కించెను. తయారీదారులు సవాలు చేయగా, 1974లో మంగళూరు గణేష్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టమును నిలబెట్టెను. ఆ వ్యాజ్యములో ఛాట్ సంగతియు చర్చకు వచ్చెను. మన తల్లులకు ఆ మాట వివరింపనక్కరలేదు. బాగుగా లేవని త్రోసివేసిన బీడీలకు కూలి కత్తిరించుటలో యజమాని ఇష్టమునకు హద్దు ఉండవచ్చునా? నియమములలో ఆ హద్దు సామాన్యముగా నూటికి 5 అని పెట్టియుండిరి. అట్టి హద్దు పెట్టుట చెల్లునని కోర్టు చెప్పెను. ఆ 1966 నాటి చట్టమిప్పుడు విడిగా లేదు. 2020లో చేసిన కార్మిక స్మృతులలో కలిసి, 2025 నవంబరు 21 నుండి ఆ స్మృతులు అమలులోనికి వచ్చినవి. పాత పుస్తకము చదివి పరీక్షకు పోయినవాడు తప్పినట్లే, పాత చట్టము చదివి కార్యాలయమునకు పోయినవాడును తిరిగి వచ్చును. ఈ మారినవేళ క్రొత్త స్మృతులను చదివి మన తల్లులకు తెలుగులో చెప్పగలవారు వెంటనే కావలసియున్నారు.

ఖర్చు మాటకు భయపడువారికి ఒకటి చెప్పవలెను. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలకును, పారిశ్రామిక కార్మికులకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము దొరకును. అనగా బీడీ చుట్టు తల్లి కూలి చీటీ చూపనక్కరలేదు. స్త్రీ యగుటయే చాలును. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. మొదటి కథలోని తల్లికి ఈ సంగతియు ఆనాడే మేము చెప్పితిమి. న్యాయకళాశాలలు గూడ సహాయకేంద్రములు నడపవలెనని బార్ కౌన్సిలు నియమము. విద్యార్థి చదువుచుండగనే అచ్చట కూర్చుండి దరఖాస్తులు వ్రాయుట నేర్చును.

ఇక చదువు మార్గము. పండ్రెండవ తరగతి పిమ్మట అయిదేండ్ల చదువు ఒకటి; ఏదేని పట్టము పొందిన పిమ్మట మూడేండ్ల చదువు రెండవది. రెండింటికిని మహారాష్ట్ర ప్రభుత్వము ప్రవేశపరీక్ష పెట్టుచున్నది. క్రింది పరీక్షలో సామాన్య వర్గమువారికి 45 శాతము మార్కులు ఉండవలెను. కొన్ని వర్గములకు సడలింపు కలదు. వాణిజ్యము చదివినవారు, శాస్త్రము చదివినవారు, కళలు చదివినవారు అందరును అర్హులే. షోలాపురమునందే దయానంద న్యాయకళాశాల యున్నది. ఇంటినుండి పోయి చదువుకొనవచ్చును. పూనాకు పోవలసిన పని లేదు.

పాఠ్యాంశముల పేర్లన్నియు ఇచ్చట వల్లింపము. కాంట్రాక్టులు, నేరములు, కుటుంబ చట్టము, ఆస్తి, సాక్ష్యము, రాజ్యాంగము, కార్మిక చట్టములు, పన్నులు ముఖ్యములు. వీనితోపాటు దస్తావేజులు వ్రాయుట, మధ్యవర్తిత్వము, వృత్తిధర్మము, నమూనా న్యాయస్థానమున వాదించుట ఆచరణరూపమున నేర్పుదురు. కష్టమైనది తీర్పు చదువుట. వంద పుటల తీర్పు చూచి బెదరనక్కరలేదు. ఏమి జరిగినది, కోర్టు ముందున్న ప్రశ్న యేమి, జవాబేమి, ఆ జవాబునకు ఆధారమైన కారణమేది, ఈ నాలుగును వేరుచేసికొన్నవానికి మిగిలిన పుటలు తేలికగును. న్యాయమూర్తి ప్రసంగవశమున చెప్పిన ప్రతి మాటయు తీర్పు కాదు. నిర్ణయమునకు అవసరమైన కారణమే తరువాతి కేసులను కట్టివేయును. ఉషా మెహతా తీర్పును చదివి దీనిని అభ్యాసము చేయుడు. మన బడికి సంబంధించినదే గనుక విసుగు పుట్టదు. ఇంగ్లీషు రాదని వెనుకాడువారు ఒకటి గుర్తుంచుకొనవలెను: 348వ అధికరణము ననుసరించి హైకోర్టు, సుప్రీంకోర్టుల వ్యవహారము ఇంగ్లీషులో నడచును, క్రింది కోర్టులలో మరాఠీ నడచును. రెండును కావలసినవే, రెండును ఒక్కదినమున రావు.

పట్టము వచ్చిన పిమ్మట రాష్ట్ర బార్ కౌన్సిలులో పేరు నమోదు చేసికొని, అఖిల భారత బార్ పరీక్ష ఉత్తీర్ణుడు కావలెను. నమోదు రుసుము పేరిట అనేక రాష్ట్రములలో వేలకు వేలు వసూలు చేయుచుండగా, 1961 నాటి అడ్వొకేట్ల చట్టములో నున్న 750 రూపాయలకు మించి, షెడ్యూల్డు కులములు తెగలవారివద్ద 125 రూపాయలకు మించి తీసికొనరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. పేదయింటి బిడ్డకు ఆఖరి గుమ్మమువద్ద అడ్డుపడుచుండిన గడియ తీసినట్లైనది. న్యాయమూర్తి కావలెనని కోరువారు 2025 మే 20 నాటి తీర్పు ననుసరించి మూడేండ్లు వకీలుగా పనిచేసిన పిమ్మటనే సివిలు జడ్జి పరీక్షకు కూర్చుండవలెను. ఈ మూడేండ్లలో సంపాదన స్వల్పము. ఈ మాట దాచుట ధర్మము కాదు. కార్ఖానాలో నెలజీతము తెచ్చు అన్నదమ్ముల నడుమ నల్లకోటు వేసికొని వట్టి చేతులతో ఇల్లు చేరుట ఎంత కష్టమో మాకు తెలియును. మన సంఘము ఇట్టివారికై ఏమైన చేయగలదేమో పెద్దలు ఆలోచింపవలెను.

పై కథలోని తల్లి లోక్ అదాలతు దినమున పొరుగింటి యామెతో కూడ వెళ్లినది. ఉపాధ్యాయులలో నొకరు వెంట పోయిరి. అప్పు పొరుగింటి యామె పేరనే నెలసరి వాయిదాలుగా తీర్చుటకు కుదిరినది. రాజీపత్రమును సంతకమునకు ముందు రెండుమారులు తెలుగులో చదివి వినిపించితిమి. జామీను మాట ఆ పత్రములో మిగిలియున్నదా లేదా అని మూడవమారు అడిగినవాడు ఆ పిల్లవాడే. మిగిలియుండెను. కొట్టివేయుమని కోరగా అప్పిచ్చినవారు ఒప్పుకొనలేదు. ఆమె కొంతసేపు ఆలోచించి, పొరుగింటి యామె ముఖము చూచి, సంతకము చేసినది.

వాడిప్పుడు పండ్రెండవ తరగతిలో నున్నాడు. మొన్న బడికి వచ్చి, ప్రవేశపరీక్ష ఇంగ్లీషులోనే వ్రాయవలెనా అని అడిగినాడు. ఇంగ్లీషులోను మరాఠీలోను ప్రశ్నపత్రముండునని చెప్పితిమి. తెలుగులో లేదు.

“సరే సార్, మరాఠీలో రాస్త” అని వెళ్లినాడు.